నెత్తురులో మిగిలిన చలిజ్వరం

మేము పదో తరగతి చదివేటప్పుడు మా గదిలో సిర్పూర్ వైపు నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. డిసెంబరు వచ్చిందంటే చాలు, దుప్పటిలో ముడుచుకుని పడుకునేవాడు. మోకాళ్లు, మోచేతులు, నడుము గుంజుతున్నాయనేవాడు. తెల్లవారుజామున స్టడీ అవరుకు లేవడు, సాయంత్రం ఆటలకు రాడు. మేమంతా బద్ధకం అనుకున్నాం. "ఏం రోగంరా నీకు, లే" అని దుప్పటి గుంజిన చేతులు మావే. సెలవులకు ఇంటికి పోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించి పంపారు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందు తాగించారు. డిగ్రీ మొదటి ఏడాదిలో రక్తపరీక్ష చేస్తే గానీ అసలు పేరు బయటపడలేదు. సికిల్ సెల్ వ్యాధి. తెలుగులో కొడవలి కణ వ్యాధి అంటారు.

ఆ సంగతి తెలిసినప్పుడు మాకు సిగ్గేసింది. ఆ తర్వాత ఒక ప్రశ్న పట్టుకుంది. ఇంత బాధ పెట్టే జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందంటున్నారు. ఆ జబ్బున్న పిల్లల్లో చాలామంది పూర్వకాలంలో పెళ్లీడుకు రాకుండానే చనిపోయేవారు. మరి ఆ జన్యువు ఎప్పుడో అంతరించిపోవాలి కదా? ఆదిలాబాద్ గోండు, కొలాం, పరధాన్ గూడేల్లోనూ, ప్రాణహిత అవతల విదర్భలోని మహర్ కుటుంబాల్లోనూ ఇంతకాలం ఎలా నిలిచింది? మాలో కొందరం పీజీలో జంతుశాస్త్రం తీసుకున్నాక దీనికి జవాబు దొరికింది. సంచికకు సైన్సు వ్యాసం కావాలని తమ్ముళ్లు అడిగితే, అందుకే ఈ విషయమే రాస్తున్నాం.

జవాబు మొదలయ్యేది మనందరికీ తెలిసిన పాఠం దగ్గరే. ఇంటర్ జువాలజీలో ప్లాస్మోడియం జీవితచక్రం ఎనిమిది మార్కుల ప్రశ్న. బొమ్మతో సహా బట్టీ పట్టి రాశాం, పరీక్ష అయ్యాక మరిచిపోయాం. ఆ చక్రంలో దోమ పాత్రను కనిపెట్టింది మన తెలంగాణ గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికిందరాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక ఎనాఫిలిస్ దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పెట్టి అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. ఒక్కో దోమ కాటుకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి ముట్టింది.

మలేరియా మన అడవులకు కొత్త చుట్టం కాదు. వాగుల పక్కన, కొండల దిగువన ఎనాఫిలిస్ దోమలకు కావలసిన చోటు ఎప్పుడూ ఉంది. ఒకప్పుడు ఆదిలాబాద్ బదిలీ అంటే ఉద్యోగులు శిక్షగా భావించేవారని, చలిజ్వరానికి భయపడి సెలవు పెట్టేవారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మరి తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఎలా బతికారు? చాలామంది బతకలేదు. చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే పోయారు. బతికినవాళ్లలో ఎక్కువమంది ఎవరన్నదే అసలు విషయం.

మన ఎర్ర రక్తకణాల నిండా హీమోగ్లోబిన్ ఉంటుంది. అందులో బీటా గొలుసు అనే భాగం 146 అమైనో ఆమ్లాల దండ. ఆ దండలో ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే ఆ పూస స్థానంలో వాలీన్ వచ్చి కూర్చుంటుంది. మిగతా 145 పూసలూ అలాగే ఉంటాయి. ఇలా మారినదాన్ని 'ఎస్' అని, మామూలుదాన్ని 'ఏ' అని పిలుస్తారు. ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండూ ఎస్ అయితే, ఆక్సిజన్ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని తాళ్లలా పేనుకుంటాయి. గుండ్రటి కణం కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అక్కడి నుంచి ముందుకు రక్తం అందదు. మా మిత్రుడి మోకాళ్లలో జరిగింది అదే. చలి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, మితిమీరిన శ్రమ దాన్ని రెచ్చగొడతాయి. డిసెంబరు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేయించి గ్రౌండులో పరుగెత్తిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఒకటి ఏ, ఒకటి ఎస్ అయితే కథ వేరు. వీళ్లను వాహకులు అంటారు. మామూలు జీవితంలో వీళ్లకు దాదాపు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మలేరియాలోకెల్లా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం పరాన్నజీవి వీళ్ల ఎర్రకణంలోకి దూరితే దానికి అక్కడ సుఖం ఉండదు. అది లోపల ఉన్న ఆక్సిజన్‌ను వాడుకునే కొద్దీ కణం వంగడం మొదలవుతుంది. వంగిన కణాన్ని ప్లీహం పట్టేసి నాశనం చేస్తుంది. లోపలున్న పరాన్నజీవి కూడా దానితోపాటే పోతుంది. తక్కువ ఆక్సిజన్ ఉన్నచోట అది సరిగా ఎదగను కూడా ఎదగదు. జ్వరం రావచ్చు గానీ, మెదడుకెక్కి చంపే స్థాయికి చేరడం అరుదు. తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా నుంచి వాహకులకు దాదాపు 90 శాతం రక్షణ ఉంటుందని ఆఫ్రికాలో చేసిన పరిశోధనల్లో తేలింది.

ఈ ఆలోచనకు దారి వేసినవాళ్లలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. జీవపరిణామాన్ని నడిపించే పెద్ద శక్తుల్లో అంటురోగాలు ఒకటని ఆయన 1949లోనే రాశారు. మధ్యధరా సముద్ర తీరంలో థలసీమియా జన్యువు మలేరియా వల్లనే నిలిచి ఉంటుందని కూడా ఊహించారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ జన్యువుకూ మలేరియాకూ ఉన్న లంకెను చూపించారు. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడి పౌరుడిగా స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని ఆయన రాసిచ్చింది ఎక్కడికో తెలుసా? కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. అంత పెద్ద శాస్త్రవేత్త చనిపోయాక కూడా తెలుగు విద్యార్థులకు పాఠం చెప్పాడన్నమాట.

ఇక్కడ ఒక లెక్క వేసుకుందాం. లెక్కలంటే భయపడేవాళ్లు కూడా ఇది వదలకండి, కూడికలూ తీసివేతలే. ఒక ఊరిలో 100 మంది పిల్లలు పుట్టారనుకోండి. ఒక్కొక్కరికి రెండు చొప్పున మొత్తం 200 జన్యువులు. అందులో 20 ఎస్, 180 ఏ. ఇవి కలిసే తీరు ప్రకారం 81 మంది మామూలు పిల్లలు, 18 మంది వాహకులు, ఒకరు రెండు ఎస్‌లతో పుట్టిన వ్యాధిగ్రస్తులు అవుతారు. ఆ ఒక్కరూ చనిపోతే 20 ఎస్‌లలో రెండు పోతాయి, అంటే పదింట ఒక వంతు. మలేరియా వచ్చి 81 మంది మామూలు పిల్లల్లో తొమ్మిదిమందిని తీసుకుపోయిందనుకోండి. 180 ఏలలో 18 పోతాయి. అది కూడా పదింట ఒక వంతే! రెండువైపులా నష్టం సమానం కాబట్టి మర్నాటి తరంలో నిష్పత్తి మారదు. ఎస్ జన్యువు అంతరించదు, పెరగదు. అలా వందల ఏళ్లు నిలిచిపోతుంది. మలేరియా ఇంకా ఎక్కువ ఉన్నచోట ఎస్ ఇంకా ఎక్కువ దగ్గర నిలుస్తుంది.

ఈ లెక్కను మొదటిసారి వేసుకున్నప్పుడు మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. తాయెత్తు కట్టుకున్న మా మిత్రుడు ఆ వందలో ఒకడు. వాడి ఒంట్లో ఉన్నది శాపం కాదు, ఎవరి పాపమూ కాదు. వాడి తాత ముత్తాతల పిల్లలు చలిజ్వరం నుంచి బతికి బయటపడిన దారి అది. దాని ఖర్చు వీడి వంతుకు వచ్చింది.

మన దేశంలో ఈ జన్యువును మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో. తర్వాత మధ్య భారతమంతటా కనబడింది. గిరిజన సమూహాల్లో వాహకులు 1 నుంచి 40 శాతం దాకా ఉంటారని, గిరిజనుల్లో పుట్టే ప్రతి 86 మంది పిల్లల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని ప్రభుత్వ లెక్కలు చెబుతాయి. భారతదేశంలోనూ అరబ్ దేశాల్లోనూ ఉన్న ఎస్ జన్యువు, ఆఫ్రికాలో ఉన్నదానికి సంబంధం లేకుండా వేరుగా పుట్టిందని చాలాకాలంగా అంటున్నారు. కాదు, ఒకేసారి పుట్టి పాకిందని 2018లో ఇంకో వాదన వచ్చింది. ఎలా పుట్టినా, ఎక్కడెక్కడ మలేరియా ఉందో అక్కడే అది వేళ్లూనుకుంది. మనలో చాలామందికి ఇది గిరిజనుల జబ్బు అనే అభిప్రాయం ఉంది. అది సగమే నిజం. దోమ కులం అడగదు. మలేరియా ఉన్న నేల మీద తరాలుగా బతికిన ఎవరిలోనైనా ఉండొచ్చు. సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలమైన మనకు ఇది పక్కింటి సంగతి కాదు.

ఇప్పుడు కోతుల దగ్గరికి పోవాలి. వాటి పేరెత్తితే మన ఊళ్లలో తిట్లు తప్ప ఏమీ రావు. పెసర్లు, మక్కజొన్న, పెంకులు దేన్నీ వదలవు. నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో వాటికోసం పునరావాస కేంద్రమే పెట్టారు. అయినా మనమూ వాటి జాతివాళ్లమే. కోతులు, గొరిల్లాలు, చింపాంజీలు, మనుషులు అందరినీ కలిపి ప్రైమేట్లు అంటారు. మన గోదావరికి కూడా ఇందులో పాత్ర ఉంది. నదికి ఉత్తరాన, అంటే ఆదిలాబాద్ వైపు, రీసస్ కోతులు. దక్షిణాన, అంటే కరీంనగర్ వైపు, తల మీద టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండే బోనెట్ కోతులు. పుస్తకాల్లో వీటి పాత సరిహద్దు గోదావరే. ఈమధ్య రీసస్‌లు హద్దు దాటి కిందికి వస్తున్నాయి.

ఈ రీసస్ కోతికి సంబంధించి 1932లో కలకత్తాలో ఒక విచిత్రం బయటపడింది. ఆగ్నేయాసియాలో ఉండే పొడుగు తోక కోతుల రక్తంలో నోలెసై అనే మలేరియా పరాన్నజీవి ఉంటుంది. ఆ కోతులకు దానివల్ల పెద్దగా ఏమీ కాదు. అదే పరాన్నజీవిని రీసస్‌కు ఎక్కిస్తే కొద్దిరోజుల్లో చచ్చిపోతుంది. జ్వరం ఒకటే, కోతులు దగ్గరి బంధువులే, తేడా ఎక్కడొచ్చింది? పొడుగు తోక కోతి ఆ పరాన్నజీవితో ఎన్నో తరాలుగా కలిసి బతికింది. తట్టుకోలేనివి ఎప్పుడో పోయాయి, తట్టుకున్నవాటి సంతానమే ఇప్పుడున్నది. రీసస్‌కు ఆ పరిచయం లేదు. అడవులు కొట్టేసి మనుషులు కోతుల దగ్గరికి చేరేసరికి ఇదే నోలెసై మనుషులకు కూడా సోకుతోంది. మలేసియాలోని సారవాక్‌లో చాలామందికి సోకినట్టు 2004లో బయటపడింది.

మన ఫాల్సిపారం కూడా అలా దాటి వచ్చిందే. అది ఆఫ్రికాలో గొరిల్లాల నుంచి మనిషికి వచ్చిందని 2010లో కోతి జాతుల మలం నమూనాల్లోని జన్యువులను పరీక్షించి తేల్చారు. అంతకు చాలాముందు ఇంకొక సంఘటన జరిగింది. మిగతా వానరాల కణాల పైపొర మీద ఉండే ఒక రకం చక్కెరను మన పూర్వీకులు సుమారు 20, 30 లక్షల ఏళ్ల క్రితం తయారుచేయడం మానేశారు. ఆ జన్యువు చెడిపోయింది. తలుపుకు తాళం మారిస్తే పాత తాళంచెవి పనికిరానట్టు, ఆ చక్కెరను పట్టుకుని కణంలోకి దూరే పాత మలేరియా అప్పుడు మనిషిని వదిలిపోయి ఉంటుందని కొందరు శాస్త్రవేత్తల ప్రతిపాదన. కానీ ఫాల్సిపారం మనకు మిగిలిన చక్కెరకు సరిపడే చెవిని చేసుకుంది.

రీసస్ కోతి నష్టపోవడమే కాదు, ఒకచోట మనకన్నా గట్టిది. హెచ్ఐవీ దానికి సులువుగా సోకదు. దాని కణాల్లో ట్రిమ్-5 అనే ప్రోటీన్ లోపలికొచ్చిన వైరస్‌ను మొదట్లోనే అడ్డుకుంటుందని 2004లో కనిపెట్టారు. ఆ ప్రోటీన్ మనలోనూ ఉంది, కానీ హెచ్ఐవీ మీద పెద్దగా పనిచేయదు. వేరే పాత వైరస్ మీద మాత్రం మనది బాగా పనిచేస్తుంది. ఎవరి పూర్వీకులు ఏ రోగంతో పోరాడారో వారికి ఆ ఆయుధమే మిగిలింది.

ఇంతదాకా మనవైపు మార్పులే చెప్పాం. అవతలిది కూడా ఊరుకోదు. మన రోగనిరోధక వ్యవస్థ ప్రతిరక్షకాలను తయారుచేసి పరాన్నజీవిని గుర్తుపట్టేలోపు ఫాల్సిపారం వేషం మారుస్తుంది. ఎర్రకణం పైన పెట్టే ప్రోటీన్ కోసం దాని దగ్గర దాదాపు 60 జన్యువులు ఉన్నాయి. ఒకసారి ఒకటి వాడుతుంది, దాన్ని పోలీసులు పట్టేలోపు ఇంకొకటి తొడుక్కుంటుంది. అందుకే మలేరియా ఒకసారి వస్తే మళ్లీ రాదన్న భరోసా లేదు. సికిల్ రక్షణకు కూడా అది విరుగుడు వెతుక్కుంటోంది. గాంబియా, కెన్యాల్లో తీవ్ర మలేరియాతో ఆసుపత్రిలో చేరిన మూడు వేలకు పైగా పిల్లల రక్తాన్ని పరీక్షించి 2022లో అచ్చయిన పరిశోధన ఒకటుంది. వాహకులైన పిల్లలకు సోకిన పరాన్నజీవుల్లో కొన్ని ప్రత్యేకమైన జన్యుమార్పులు ఎక్కువగా కనిపించాయి. ఆ మార్పులున్న పరాన్నజీవి ముందు ఎస్ జన్యువు రక్షణ చాలావరకు పనిచేయడం లేదు. మన రక్తం దాన్ని మార్చింది, అది మన రక్తానికి తగ్గట్టు మారింది.

మందుల మీద కూడా అంతే. 1961 నాటికి దేశంలో మలేరియా కేసులు యాభై వేల దాకా తగ్గాయి. ఇక పోయినట్టే అనుకున్నారు. 1976లో 64 లక్షలు దాటాయి. డీడీటీకి దోమలు అలవాటుపడ్డాయి, నిఘా సడలింది. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం 1973లోనే అస్సాంలో కనిపించింది.

అయినా మొత్తం మీద మన రెండు పాత జిల్లాల్లో మలేరియా ఒకప్పటి మలేరియా కాదు. దోమతెరలు, రక్తపరీక్షలు, మందులు వచ్చాయి. మంచిదే. కానీ ఇందాకటి లెక్కకు తిరిగి రండి. మలేరియా చంపడం మానేస్తే ఆ తొమ్మిదిమంది బతుకుతారు. ఆ ఒక్కరి బాధ మాత్రం అలాగే ఉంటుంది. లాభం ఆగిపోయింది, ఖర్చు మిగిలింది. ప్రకృతి తనంతట తాను ఆ జన్యువును తీసేస్తుందా అంటే, మన లెక్కలోని ఊరిలో అది సగానికి తగ్గాలంటేనే పది తరాలు పడుతుంది. అంటే సుమారు 250 ఏళ్లు. అదీ ప్రతి తరంలో ఆ వ్యాధి ఉన్న పిల్లలందరూ చనిపోతూ ఉంటేనే. అటువంటి పరిష్కారం మనకు అక్కర్లేదు.

మనకు కావలసింది పరీక్ష. వేలి నుంచి ఒక చుక్క రక్తంతో మొదటి పరీక్ష అయిపోతుంది. అనుమానం ఉంటే ఇంకో పరీక్షతో నిర్ధారిస్తారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు. 2047 వాళ్ల గడువు. అప్పటిదాకా ఆగకుండా మనమే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగవచ్చు. వాహకుడని తేలితే భయపడవలసిందేమీ లేదు, ఉద్యోగానికీ చదువుకూ అడ్డు కాదు. పెళ్లి దగ్గరే ఒక మాట చూసుకోవాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం తప్పు. ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది. జాతకాలు, కట్నాలు గంటలకొద్దీ మాట్లాడుకునే పెద్దమనుషులు ఈ ఒక్క కాగితం అడగడానికి ఎందుకు మొహమాటపడతారో మాకు అర్థం కాదు. ఆడపిల్లకు ఉందని తెలిస్తే సంబంధం వెనక్కి పోతుందని దాచేవాళ్లూ ఉన్నారు. జన్యువు ఇద్దరి నుంచీ వస్తుందని తెలిశాక కూడా నింద ఒక్కరి మీదే వేయడం అన్యాయం.

వ్యాధి ఉన్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా అనే మాత్రతో నొప్పులు బాగా తగ్గుతాయి. డాక్టరు చూపులో ఉండి వాడాలి. జన్యువుల్లో మార్పు చేసే చికిత్సకు 2023లో బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆ వార్త చదివి మేము నవ్వుకున్నాం, ఏం చేస్తాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. ఈ సంగతి మన హాస్టళ్లలో చాలామందికి తెలియదు, ఇప్పుడు తెలిసింది కాబట్టి అవసరమున్నవాళ్లకు చెప్పండి. గదిలో ఎవరైనా చలికాలం పదేపదే కీళ్లు గుంజుతున్నాయంటే దుప్పటి లాగకండి. వేడినీళ్లివ్వండి, మంచినీళ్లు ఎక్కువ తాగించండి, జ్వరముంటే ఆలస్యం చేయకుండా వార్డెన్ సార్‌కు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా మిత్రుడు ఇప్పుడు బీఈడీ చేస్తున్నాడు. బ్యాగులో ఎప్పుడూ రెండు నీళ్ల సీసాలుంటాయి. మొన్న సంక్రాంతికి సంబంధం కుదిరింది. మాట ఖాయం చేసుకునే ముందు తన జబ్బు సంగతి వాడే చెప్పి, అమ్మాయిని కూడా పరీక్ష చేయించుకోమన్నాడట. ఆమె మామూలుగానే వెళ్లి చేయించుకుంది. రిపోర్టులో ఏఏ అని వచ్చింది. వాళ్లకు పుట్టే పిల్లలందరూ వాహకులవుతారు, ఒక్కరికీ నొప్పులు రావు. ఆ కాగితాన్ని వాడు ఫోటో తీసి మా గ్రూపులో పెట్టాడు.